కొలారియన్‌లో కొల్లేరు

పెళ్ళిచూపుల రోజున మా మావయ్యగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న వంట గురించి కాదు, చదువు గురించీ కాదు. "తాడేపల్లిగూడెంలో గూడెం ఉంది కదమ్మా, ఆ గూడెం ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నారు. మాది ఆ ఊళ్ళో ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు. మా ఇంట్లో ఉల్లిపాయ ఏ ఊరి నుంచి వచ్చిందో అడుగుతారుగాని, ఊరికి ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. "లేదండీ" అన్నాను. అక్కడితో ఊరుకుంటే బుద్ధిమంతురాల్ని అనిపించుకునేదాన్ని. "మీకు తెలిస్తే చెప్పండి" అని కూడా అన్నాను. మా అమ్మ వెనకనుంచి నా జడ పట్టుకుని లాగింది. ఆయన మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, "నాకూ తెలీదమ్మా, అందుకే అడిగాను" అని హాయిగా నవ్వారు. సంబంధం ఖాయమైంది. మా వారితో నేను నాలుగు మాటలు మాట్లాడింది ఆ తరవాతే.

మావయ్యగారిదీ కొట్టు కుటుంబమే. ఏలూరులో బట్టల వ్యాపారం. నలుగురు అన్నదమ్ముల్లో ఈయనొక్కరే గల్లాపెట్టె దగ్గర కూర్చోనని మొండికేసి, బి.ఇడి చదివి సోషల్ మాస్టారయ్యారు. ఉద్యోగంలో సగానికి పైగా కొల్లేటి లంక గ్రామంలో ఒకే ఒక్క హైస్కూల్లో గడిచింది. ఆ రోజుల్లో బస్సు దిగి నడవాలి, వానాకాలమైతే పడవ ఎక్కాలి. బదిలీ అడగమని అత్తయ్యగారు పోరు పెడితే, "అక్కడి పిల్లలు ప్రశ్నలు బాగా వేస్తారే" అనేవారట. రిటైరయ్యాక వట్లూరులో ఇల్లు కట్టుకున్నారు. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ ఆ ఇంటికి నడిచిపోయేంత దూరంలోనే ఉంది.

మా ఇద్దరికీ కుదిరింది మాటల దగ్గరే. పొద్దున్న కాఫీ వేళ ఆయన ఒక మాట తీసేవారు, దాని పుట్టుక నేను ఊహించాలి. గోడౌన్ అన్నది ఇంగ్లీషువాళ్ళ సొత్తు కాదు, మన గిడ్డంగే అటు వెళ్ళి వేషం మార్చుకుని వచ్చిందని ఒకరోజు గట్టిగా చెప్పారు. సాయంత్రం లైబ్రరీలో చూసొచ్చి, "మలయా వాళ్ళు కూడా అది మాదేనంటున్నారండీ" అన్నాను. ఆయనకి కోపం రాలేదు సరికదా, మలయా వాళ్ళతో మన ఓడ వ్యాపారం గురించి గంటసేపు చెప్పారు. ఉప్మా మాడిపోయింది. "మామా కోడళ్ళిద్దరికీ కడుపులు మాటలతోనే నిండుతాయి" అని అత్తయ్యగారు సణిగారు.

దేని గురించైనా ఆయనతో వాదించవచ్చు. ఒక్క కొలారియన్ జోలికి మాత్రం వెళ్ళకూడదు.

అదేమిటో చెప్పాలి. మన దేశంలో తెలుగు, తమిళం వంటి ద్రావిడ భాషలున్నాయి, హిందీ వంటి ఆర్యభాషలున్నాయి. ఈ రెండింటికీ చెందని భాషలు కూడా ఉన్నాయి. ఛోటా నాగపూర్ వైపు సంతాలీ, ముండారీ, మన శ్రీకాకుళం కొండల్లో సవర, అలాంటివన్నీ కలిసి ఒక శాఖ. ఇప్పుడు వాటిని ముండా భాషలంటున్నారు. తెల్లవాళ్ళ కాలంలో కొన్నాళ్ళు కొలారియన్ భాషలని పిలిచారు. మావయ్యగారు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పాత ఇంగ్లీషు భూగోళం పుస్తకంలో కొల్లేరుని 'కొలైర్' అని రాసి ఉండటం చూశారు. అదే నెలలో ఇంకో పుస్తకంలో ఈ కొలారియన్ అన్న పేరు కనిపించింది. ఇంకేముంది, రెండూ ఆయన తలలో కలిసిపోయాయి. ఒకప్పుడు ఆ జనం కొల్లేటి చుట్టూ ఉండేవారనీ, వాళ్ళ భాషలకి ఈ సరస్సు పేరే పెట్టారనీ తేల్చేశారు. కొల్లేటి పిల్లలకి ఆ పాఠం చెప్పారు. ఒక తరగతికి కాదు, ఆయన ఉన్నన్నేళ్ళూ ప్రతి బ్యాచికీ చెప్పారు. "మన కొల్లేరు ఒక భాషల కుటుంబానికి పేరు పెట్టిందర్రా" అని చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉండేదో నేనూ విన్నాను. మా పెళ్ళయిన కొత్తలో చుట్టాలందరి ముందూ నాకూ చెప్పారు. అంత ఇష్టంగా చెబుతుంటే ఆధారమేదండీ అని అడగాలని నాకు తోచలేదు. గిడ్డంగి విషయంలో తోచింది, ఇక్కడ తోచలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయన పాత శిష్యుడొకడు ఇంటికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, చేపల చెరువులున్నాయి, మనిషి దిట్టంగా ఉంటాడు. మావయ్యగారిని చూడగానే మాత్రం చెప్పులు గేటు బయటే వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. చేతిలో అరటిపళ్ళ గెల. "చేపలు తెద్దునండీ, మీరు తినరు కదండీ" అని నాతో అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, మన బళ్ళో పాత విద్యార్థులందరం కలిసి లైబ్రరీకి ఒక గది కట్టించామండీ. గుమ్మం పక్కన నల్లరాయి పెడదామనుకుంటున్నామండీ. దాని మీద మీరు చెప్పిన మాట చెక్కిద్దామని అందరం అనుకున్నామండీ."

"ఏ మాటయ్యా?"

"కొల్లేరు పేరు భాషలకి పెట్టారన్నది కదండీ. అదే."

మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్ళజోడు కాదని నాకూ, ఆ శిష్యుడికీ కూడా తెలుసు. ఆయన అప్పటికప్పుడు కాగితం మీద ఒక వాక్యం రాసిచ్చారు. 'భారతదేశంలో ఒక భాషల శాఖకు తన పేరునిచ్చిన కొల్లేరు ఒడి ఇది.' శిష్యుడు దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ, "కింద ఏ పుస్తకంలో ఉందో కూడా వెయ్యమంటోందండీ మా అమ్మాయి. ఈ కాలం పిల్లలు కదండీ, ఆధారం అంటారు" అన్నాడు.

"మా కోడలు లైబ్రరీలోనే పనిచేస్తుంది. చూసి చెబుతుంది" అన్నారు మావయ్యగారు, నా వైపు గర్వంగా చూస్తూ.

మర్నాడే మధ్యాహ్నం భోజనాల వేళ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టినవి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. మన దేశపు భాషలన్నిటి మీదా తెల్లవాళ్ళ హయాంలో చేసిన సర్వే సంపుటం ఒకటి దొరికింది. అందులో కొలారియన్ అన్న పేరు మీద ఒక పేరానే ఉంది. నిజం చెప్పాలంటే ఆ పేరా కనిపించగానే నాకు ఒళ్ళంతా సంతోషం. వెతికింది దొరకడమంటే నాకంత పిచ్చి. చదవడం మొదలుపెట్టాక మూడో వాక్యానికి పెరుగన్నం బాక్సు పక్కకి జరిపేశాను.

ఆ పేరు పెట్టింది ఒక ఆంగ్లేయ అధికారి. ఆ జనాన్ని చుట్టుపక్కలవాళ్ళు కోల్ అంటారు కాబట్టి, దాని పాత రూపం కోలార్ అయి ఉంటుందని ఆయన ఊహించాడట. అంతటితో ఆగలేదు. కన్నడంలో దొంగల్ని కళ్ళరు అంటారు కదా, ఇదీ అదీ ఒకటే అయి ఉంటుందన్నాడట. తరవాత వచ్చిన సర్వేవాళ్ళు ఇదంతా ఆధారం లేని ఊహ అని కొట్టిపారేశారు. పైగా ఆ పేరు తోకలో 'ఆరియన్' అని వినిపించి ఆర్యులతో సంబంధం ఉందని జనం పొరబడతారని కూడా రాశారు. అందుకే ఆ పేరు వదిలి ముండా అన్న పేరు తీసుకున్నారు. మన చెవికి కటువుగా వినిపించే ఈ మాటకి అక్కడ అర్థం ఊరిపెద్ద.

కొల్లేరు ఎక్కడా లేదు. ముందు పేజీలో వెతికాను, వెనక పేజీలో వెతికాను, చివర అకారాది పట్టికలో వెతికాను. ఒక తప్పుడు ఊహకి పుట్టి, కొన్నాళ్ళు బతికి, పనికిరాదని పారేసిన పేరు అది. దాని మీద మా మావయ్యగారు ముప్పై ఏళ్ళ పాఠం కట్టారు. దాని అడుగున ఉన్నది దొంగలు.

ఆ మనిషిని తలుచుకుంటే ఈ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు. పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు, ప్రమోషన్ వస్తే ఊరు మారాలని వద్దన్నారు. ఆయన చేతిలో ఉన్నది ఆ లంక పిల్లల దగ్గర మాస్టారి మాటకున్న విలువొక్కటే. అది పోతే ఇంకేం మిగులుతుంది అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన "దొరికిందా అమ్మాయ్?" అని అడిగితే, "వెతుకుతున్నానండీ" అన్నాను.

మా వారితో చెప్పాను. "ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు రాయి చూసి పరిశోధన చేసేదెవరు? నాన్నని ప్రశాంతంగా ఉండనియ్యి" అన్నారాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. సలహా మంచిదే. మంచిదే కాబట్టి ఒళ్ళు మండింది. తప్పని తెలిశాక నోరు మూసుకోవడం నా వల్ల కాదు, ఆ మనిషి ముఖం చూసి నోరు విప్పడం కూడా నా వల్ల కావటం లేదు. గోడ మీద పిల్లిలా రోజులు లాగాను. వాక్యాన్ని కాస్త మెత్తబరిస్తే సరిపోతుందేమోనని కూడా ప్రయత్నించాను. 'కొల్లేరు పేరును తలపించే పేరు ఒక భాషల శాఖకు ఒకప్పుడు ఉండేది' అని రాసి చూశాను. చదివితే నాకే నవ్వొచ్చింది. రాయి మీద ఇంత నసిగే వాక్యం ఎవరు చెక్కిస్తారు?

నాలుగో రోజున, కాలేజీ నుంచి వస్తూ వస్తూ రాయి షాపులో అక్షరాలు చూసి రమ్మన్నారు మావయ్యగారు. ఇప్పుడు రాళ్ళ మీద ఉలితో చెక్కేవాళ్ళు తక్కువ. కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, వాటి ఆకారంలో స్టిక్కర్ కత్తిరించి రాయికి అంటిస్తారు. అక్షరాల ముక్కలు ఊడదీసేసి, గాలితో ఇసుక కొడితే ఊడిన చోట మాత్రమే రాయి తింటుంది. నేను వెళ్ళేసరికి నల్లటి గ్రానైట్ మీద స్టిక్కర్ అంటించి ఉంది. మావయ్యగారి వాక్యం, పెద్ద పెద్ద అక్షరాలతో.

"చూసుకోండమ్మగారూ. మీరు ఊఁ అంటే అక్షరాలు ఊడదీసి ఇసుక కొట్టేస్తామండీ. కొట్టాక మళ్ళీ దిద్దడానికుండదండోయ్" అన్నాడు షాపతను.

"ఆగండాగండి. మావయ్యగారు ఒక మాట మారుస్తానన్నారు" అనేశాను.

అబద్ధం చెప్పడంలో నాకు అనుభవం చాలదు. నేను ఇంటికి చేరేలోపే షాపతను మావయ్యగారికి ఫోన్ చేసి, ఏ మాట మారుస్తారో చెబితే ఇవాళే చేసేస్తానని అడిగాడట. వరండాలో కుర్చీలో కూర్చుని నాకోసమే చూస్తున్నారు. "నేను మాట మారుస్తానని ఎప్పుడన్నానమ్మా?" అన్నారు.

బ్యాగు కూడా దించకుండా అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆయన ముఖం చూడలేదు, ఆయన పక్కనున్న నీళ్ళ చెంబు చూశాను. చెప్పడం అయ్యాక, "పేజీ చూపించు" అన్నారు. ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టాను. "ఇంకాస్త పెద్దది చెయ్యి." చేశాను. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుకున్నారు. దొంగల దగ్గర వేలు ఆగింది.

"ఇది చూసి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులండీ."

"నాలుగు రోజులు" అన్నారు. గొంతు పెంచలేదు. "ఈ నాలుగు రోజుల్లో ముగ్గురికి ఫోన్ చేసి ఈ మాట గొప్పగా చెప్పాను నేను. తప్పని నీకు తెలుసు. పక్క గదిలో కూర్చుని విన్నావు."

అది నిజమే. నేను విన్నాను. ఆయన బాధపడతారని మాత్రమే భయపడ్డాను, ఆయనకి నా మీద నమ్మకం పోతుందని ఊహించలేదు. ఆ మర్నాటి నుంచి కాఫీ లోపలి గదిలోకే తెప్పించుకున్నారు. నాతో మాట లేదు. ఏదైనా కావలిస్తే అత్తయ్యగారి చేత చెప్పించేవారు. "ఆ పుస్తకంలో ముందు పేజీలూ వెనక పేజీలూ కూడా కావాలటే" అని ఆవిడ ఒకసారి వచ్చి అడిగారు. ప్రింట్లు తీసి ఇచ్చాను. పెద్ద నిఘంటువు ముందేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే చదువుతున్నారని ఆవిడే చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. పుస్తకం నేను వెతికాను, పేజీలు నేను తెచ్చాను, చదివి చెప్పుకోవడానికి మాత్రం నేను పనికిరాకుండా పోయాను.

శనివారం రాత్రి భోజనాల దగ్గర, ఎవరివైపూ చూడకుండా, "రేపు లంకకి వెళ్ళాలి. ఆ పేజీలు పట్టుకుని నాతో ఎవరైనా వస్తే బాగుండును" అన్నారు. నేను వస్తానన్నాను. శిష్యుడు కారు పంపుతానన్నాడు. మావయ్యగారు ఒప్పుకోలేదు. "తప్పు చెప్పానని చెప్పడానికి వెళుతూ వాళ్ళ కారు ఎక్కుతానా?" అన్నారు.

బస్సు దిగి ఆటో ఎక్కాం. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఆక్సిజన్ కోసం పెట్టిన చక్రాలు నీళ్ళని చిమ్ముతున్నాయి. గట్ల మీద గూడబాతులు బారులు తీరి కూర్చున్నాయి. దారి పొడుగునా ఆయన ఏదో చెప్పబోయి మానుకున్నారు. మాటలు పూర్తిగా మాని వారం దాటింది కదా, నాక్కూడా ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. బడి గేటు కనిపించాక మాత్రం, "దొంగలన్నది కూడా చెబుతాను. దాచకూడదు" అన్నారు. నన్ను అడుగుతున్నారో, తనకి తను చెప్పుకుంటున్నారో తెలియక "సరేనండీ" అన్నాను.

కొత్త లైబ్రరీ గదిలో పాతికమంది దాకా ఉన్నారు. జుట్టు నెరిసినవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, అందరూ మాస్టారు లోపలికి రాగానే ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళని కూర్చోమన్నారు. తను కూర్చోలేదు.

"మీకు నేను ఒక పాఠం తప్పు చెప్పాను" అని మొదలుపెట్టారు.

కొలారియన్ అన్న పేరు ఎక్కడ పుట్టిందో, ఎవరు పెట్టారో, దొంగల సంగతేమిటో, ఎందుకు పారేశారో, బల్ల మీద కాగితాలు పెట్టుకుని వరసగా చెప్పారు. రెండు పుస్తకాల్లో రెండు పేర్లు ఒకేలా ఉన్నాయని చూసి, మూడో పుస్తకం తెరవకుండా తరగతిలో చెప్పేశానన్నారు. ఆ తరవాత చెప్పింది నాకూ కొత్తే. నేను పేరా దగ్గర ఆగిపోయాను, ఆయన ముందుకి వెళ్ళి చదివారు. ఆ భాషలు మాట్లాడేవాళ్ళని పక్కవాళ్ళు కోల్ అన్నారు, దొరలు దొంగలయ్యుంటారన్నారు. వాళ్ళు మాత్రం తమని తాము హో అనీ, హోర్ అనీ, హోరో అనీ చెప్పుకుంటారట. వాళ్ళ భాషల్లో ఆ మాటలన్నిటికీ మనిషి అనే అర్థం. కోల్ అన్నది కూడా బహుశా ఆ మాటే పక్కవాళ్ళ నోళ్ళలో అరిగి అలా అయి ఉంటుందని ఆ పుస్తకంవాళ్ళ అభిప్రాయమట.

"ఇంత మంచి సంగతి ఆ పుస్తకంలోనే ఉంది. నేను వెతకలేదు. మన కొల్లేరుకి దీంతో సంబంధం లేదు. రాయి మీద ఆ వాక్యం వద్దు" అని ముగించారు.

అంగన్‌వాడీలో పనిచేసే ఒకావిడ, "నేను మా పిల్లలకి కూడా చెప్పేశానండీ. రేపు మీరు చెప్పినట్టు మార్చి చెబుతానండీ" అంది. కొందరు నవ్వారు. గది తేలికపడింది. మాస్టారు ఎంత పెద్దమనిషో చూడండని ఎవరో అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాట విలువ పోలేదు, ఇంకా పెరిగింది. నాలుగు రోజులు అనవసరంగా భయపడ్డానే అనుకుంటూ ఉండగా, మా ఇంటికి వచ్చిన శిష్యుడు కిటికీ దగ్గర్నుంచి లేచాడు.

"నేనొకటి చెప్పొచ్చాండీ?"

"చెప్పవయ్యా."

"ఏలూరులో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీలో నన్నొక పేరు పెట్టి పిలిచేవారండీ. అదేమిటో ఇక్కడ చెప్పనులెండి. మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళందరికీ అదే పేరు. నా పక్కన బెంచీ ఖాళీగా ఉండేదండీ. ఒకరోజు లెక్చరర్ గారు భాషల గురించి చెబుతుంటే లేచి, మీరు చెప్పిన పాఠం చెప్పానండీ. బోర్డు మీద రాయమంటే రాశానండీ. ఆయన కూడా, అలాగా, నాకు తెలీదే, మీ కొల్లేరు చాలా గొప్పదన్నమాట అన్నారండీ. ఆ రోజు నా పక్కన ఇద్దరు కూర్చున్నారండీ." మాస్టారి వైపు తిరిగాడు. "తరవాత ఎక్కడికి వెళ్ళినా నేను దాన్ని పట్టుకునే నిలబడ్డాను మాస్టారూ. బ్యాంకుకి వెళ్ళినా, పెద్ద పెద్ద ఆఫీసర్ల దగ్గరికి వెళ్ళినా. మీరు ఇప్పుడు దాన్ని తీసేసుకుంటున్నారు."

మావయ్యగారు రెండు చేతులూ ఎత్తి అతనికి దణ్ణం పెట్టారు. శిష్యుడు ఒక్క ఉదుటున వచ్చి ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, "అయ్యో, అదేంటండీ, తప్పండీ" అన్నాడు. చెరువు మీద మోటార్ ఆగిపోయిందని ఫోనొచ్చిందంటూ బయటికి వెళ్ళాడు. ఫోన్ మోగడం నేను వినలేదు. మేం భోజనాలు చేసి బయలుదేరే దాకా అతను తిరిగి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు సిగ్గేసింది. నేను ఒక మనిషి గురించి దిగులుపడుతూ కూర్చున్నాను. నిజంగా పోగొట్టుకున్న మనిషి మా వరండాలో అరటిపళ్ళ గెల పట్టుకుని నిలబడితే, ఆ వాక్యాన్ని అతను రెండుసార్లు ఎందుకు చదువుకున్నాడో ఆలోచించలేదు.

నాలుగు రోజుల తరవాత కాలేజీ నుంచి వస్తూ రాయి షాపు ముందు ఆగాను. నల్లరాయి గోడకి ఆనించి ఉంది, నున్నగా, ఖాళీగా. కేవలం బడి పేరు వెయ్యమని చెప్పి వెళ్ళారన్నాడు షాపతను.

"ఆ చేపల చెరువులాయనే వచ్చారండీ. స్టిక్కర్ మేం లాగేస్తామంటే వద్దన్నారండీ. కింద కూర్చుని, అక్షరాలు ఒక్కొక్కటీ గోటితో తనే ఊడదీశారండీ. చిరక్కుండా. ఊడదీసినవి పారెయ్యలేదండీ, జేబులో పెట్టుకున్నారు. పనికిరావండీ అవి అంటే, తెలుసండీ అన్నారు."

ఇంటికి వచ్చి మావయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఒక్క నిమిషం కూడా దాచలేదు. నేను లోపలికి వెళ్ళబోతుంటే, "ఉండమ్మా" అన్నారు. ఆయన నన్ను నేరుగా పిలిచి ఎన్నాళ్ళయిందో.

"రేపు పొద్దున్న లంకకి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో. అతని దగ్గరికి వెళ్ళాలి."

"వెళ్ళి ఏం చెబుతారండీ?"

"చెప్పడానికి ఏముంది? అడగాలి." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇన్ని పేర్లు ఎక్కడ పుట్టాయో వెతికాను. ఆ పిల్లల్ని కాలేజీలో ఏ పేరు పెట్టి పిలుస్తున్నారో ఒక్కసారీ అడగలేదమ్మా నేను."